వెనక అద్దం మీద పరదా

మా మనవళ్లు కొత్త కారు కొనాలనుకున్నప్పుడల్లా ఇల్లు అసెంబ్లీ అయిపోతుంది. ఒకడు ఇంజను అంటాడు, ఒకడు గాలిసంచులు అంటాడు, ఇంకొకడికి పైకప్పుకు కూడా అద్దం కావాలి. నేను మూడో తరగతి దాటని మనిషిని. మధ్యలో ఒక్కటే అడుగుతాను: "ఎనుక అద్దం ఎంతున్నదిరా?" వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. గోదావరిని మొదటిసారి ఎటువైపు నుంచి చూశానో వాళ్లకేం తెలుసు.

మా అత్తవారిది సుల్తానాబాద్ దగ్గరి ఊరు. నా పుట్టిల్లు బోథ్. నేను చెప్పే సంగతి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడెనిమిదేండ్లకు జరిగింది. అప్పటికి దొరతనం పోయింది, పటేల్‌గిరి పలచబడింది, భూములు సగానికి వచ్చాయి. ఇంట్లో ఆడవాళ్ల పరదా మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ఏ సర్కారూ జప్తు చేయలేదు మరి.

పెండ్లయిన పన్నెండేండ్లలో పుట్టింటికి ఎన్నిసార్లు పోయానో, అన్నిసార్లూ సోన్ దగ్గర వంతెన మీదుగా గోదావరి దాటాను. ఒక్కసారీ చూడలేదు. మా ఇంట్లో అప్పుడు పాత ఇంగ్లీషు కారు ఉండేది. దాని అద్దాలన్నింటికీ ఆకుపచ్చ పరదాలు. వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారేది, గుడ్డ కింద నుంచి చల్లటి గాలి కాళ్లకు తగిలేది. పక్కన కూర్చున్న మా అత్త "గోదారమ్మ అచ్చింది, మొక్కు" అనేది. నేను పరదా సందులోంచి ముందుకు ఒక పైస అందిస్తే డ్రైవరు దాన్ని నీళ్లలోకి విసిరేవాడు. పైస నాది, చెయ్యి ఆయనది. పుణ్యం ఎవరికి చేరిందో ఆ తల్లికే తెలియాలి. ఒకసారి బోథ్‌లో మా తమ్ముడి కొడుకు "అత్తా, గోదారి ఎట్లుంటది?" అని అడిగాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా "ఆకుపచ్చగ ఉంటది" అన్నాను.

నాకు బంగారం మీద ఆశ లేదు, పట్టుచీరలు పెట్టె నిండా ఉన్నాయి. ఒక్కసారి నా కండ్లతో గోదావరిని చూసి, నా చేత్తో పైస వేయాలని మాత్రం ఉండేది. ఆ పాత కారు ఒక ఎండకాలం కదలనని మొండికేసి కొట్టంలో కూలబడి, కోళ్లు దాని వెనక సీటులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక, కొత్త కారు కొంటారని తెలిసింది. నా ఆశకు రెక్కలొచ్చాయి. కొత్త బండికి కొత్త రివాజు ఉండకపోతుందా అనుకున్నాను. ఎంత అమాయకురాలినో.

మా మరిది హైదరాబాదులో చదువుతుండేవాడు. చదువు ఎంత వచ్చిందో తెలియదుగాని, మోటారు కంపెనీల రంగుల కాగితాలు మాత్రం సంచి నిండా వచ్చాయి. వాకిట్లో మంచాలు వేసుకొని మా మామ, మా ఆయన, మరిది ముగ్గురూ కూర్చున్నారు. నేను వంటింటి తలుపు వెనక పప్పు ఏరుతూ కూర్చున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో పప్పులో ఒక్క రాయి రాలేదు.

దేశంలో అప్పట్లో కొందామంటే దొరికే బండ్లు మూడే. కలకత్తాలో తయారయ్యేది ఒకటి, బొంబాయిది ఒకటి, మద్రాసుది ఒకటి. మామది కలకత్తా పక్షం, మా ఆయనది బొంబాయి, మరిదిది మద్రాసు. ముగ్గురిలో ఎవరూ ఆ బండ్లలో దేన్నీ నడిపినవారు కారు. మామకైతే నడపడమే రాదు.

"బొంబాయి బండి తేలిక బాపు. గ్యాలను పెట్రోలుకు శానా దూరం ఉర్కుతది" అన్నాడు మా ఆయన.

"ఉర్కుడెందుకురా? మనమేమన్న దొంగలమా?" అన్నారు మామ.

"మద్రాసు బండి సూడు బాపు, ముందు మూత మొత్తానికి మొత్తం లేస్తది. ఇంజను పూరాగ కనవడ్తది" అని మరిది కాగితం చూపించాడు.

"లోపటిది పది మందికి సూపెట్టుడేందిరా, సిగ్గు లేకుంట!"

ఇంజనుకు కూడా పరదా కావాలన్నమాట. నేను పప్పులో తల దూర్చి నవ్వుకున్నాను.

ఒకే బండిలో మళ్లీ సాదాది, డీలక్సుది అని రెండు రకాలు. డీలక్సు దాంట్లో గడియారం, సిగరెట్టు ముట్టించుకునే మర, తెల్ల అంచు టైర్లు. మామ గడియారం మాట వినగానే చెయ్యి అడ్డం ఊపారు. "మనకు గడియారమెందుకు? మనం పోయినంకనే గద ఎవలింట్లనైన పెండ్లి మొదలయ్యేది!" దొరతనం పోయి పదిహేనేండ్లని ఆయనకు ఎవరూ కబురు చేయనట్టుంది. సిగరెట్టు మర గురించి కూడా చాలాసేపు చర్చ నడిచింది. మా ఇంట్లో పొగ తాగేది డ్రైవరొక్కడే, అదీ బీడీ. ఒక విదేశపు కాగితంలో కాళ్లకు వేడిగాలి కొట్టే పెట్టె కూడా ఉందట. మే నెలలో కరీంనగర్ జిల్లాలో కూర్చొని దాని ధర ఎంతో కనుక్కోమన్నారు మామ.

ఇంకో కాగితంలో ఒక అమ్మాయి ముందు సీట్లో కూర్చొని, అద్దం దించి, జుట్టు ఎగురుతుంటే నవ్వుతోంది. మామ దాన్ని దూరంగా పట్టుకొని చూశారు.

"గీ పిల్ల ఎవలింటి కోడలురా?"

"కోడలు కాదు బాపు, బొమ్మ."

"బొమ్మయితె మాత్రం? నెత్తి మీద కొంగేది?"

ఆ కాగితం తరవాత పొయ్యి రాజేయడానికి వంటింట్లోకి వచ్చింది. నేను రాజేయలేదు. బియ్యం డబ్బా అడుగున దాచుకున్నాను.

ఇక భద్రత. మా డ్రైవరు పాత కారు నాటి నుంచీ ఉన్న ముసలాయన. ఆయన వాకిలి చివర నిలబడి, అడగకుండానే ఒక మాట చెప్పాడు. "దొరా, బండి ఏదైన కానియ్యిన్రి. బిరేకు మంచిగుండాలె, అద్దాలు పెద్దగుండాలె. గంతే."

"అద్దాలు పెద్దగైతె ఎట్లరా? గన్ని పరదాలెక్కడ తెస్తం?" అన్నారు మామ. అప్పుడు అర్థమైంది నాకు, మా ఇంట్లో భద్రత అంటే బ్రేకు కాదని. మద్రాసు బండికి రెండే తలుపులని తెలియగానే దాని పని అయిపోయింది. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. "మీ అవ్వ గా సందులకెల్లి దూరుడా?" అని మామ లేచి నిలబడ్డారు. మా అత్త ఒడ్డూ పొడుగూ తెలిసిన వాళ్లెవరూ మళ్లీ మద్రాసు మాట ఎత్తలేదు. బొంబాయి బండి ముందు తలుపులు ఎదురుగాలికి తెరుచుకునే తీరుగా ఉన్నాయట, అది మామకు అపశకునంలా తోచింది. కలకత్తా బండికి నాలుగు తలుపులు, ఎత్తు, బరువు. "తలుపేస్తె ఇనుప పెట్టె మూసినట్టు సప్పుడు రావాలె" అన్నారు మామ. పెట్టెలో పెట్టేది మమ్మల్నే కాబట్టి ఆ లెక్క సరైనదే.

ఆ రాత్రి నేను మా ఆయనను బతిమాలాను. "ఒక్క పక్క పరదా లేకుంట సూడుండ్రి. నా దిక్కుది. గోదారొక్కటి సూస్త."

"బాపును అడుగుత" అన్నాడు.

మా ఇంట్లో అడుగుత అంటే అడగను అని అర్థం.

ఇన్ని నెలలు పోల్చి, కొట్లాడి, తీరా చూస్తే ఎంచుకునేది మనం కాదట. పేరు రాయించుకొని వరుసలో ఉండాలి. ఏడాదిన్నరకు బండి వచ్చింది. కలకత్తాదే. తెలుపు కావాలన్నారు, బూడిద రంగు వచ్చింది. డీలక్సు అన్నారు, సాదాది వచ్చింది. మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి "నేను మొదటిసంది గిదే అంటున్న" అన్నారు.

మరునాడే సుల్తానాబాద్ నుంచి దర్జీ వచ్చాడు. నాలుగు తలుపులకు నాలుగు పరదాలు, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఒకటి, వెనక అద్దానికి ఒకటి. అంతా ముదురు ఆకుపచ్చ. డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"దొరా, గిది మూస్తె నాకు ఎనుక ఎట్ల కనవడ్తది?"

"ఎనుక నీకేం పనిరా? ముందుకు సూసి నడుపు."

"ఎనుకకు తియ్యాలంటె?"

"హారన్ కొట్టు. ఉన్నోళ్లు జరుగుతరు."

బండికి వెనకటిది చూపే చిన్న అద్దం ఒకటి కంపెనీవాళ్లు ఇచ్చారు. అందులో రోజంతా ఆకుపచ్చ గుడ్డ కనిపించేది. డ్రైవరు దాన్ని తల దువ్వుకోవడానికి వాడుకున్నాడు.

మాఘమాసంలో బోథ్ నుంచి కబురు వచ్చింది, మా తమ్ముడి బిడ్డను తొట్టెలలో వేసే వేడుక అని. నేను, అత్త వెనక ఎక్కాము. మా ఆయన ముందు కూర్చున్నాడు. సాగనంపడానికి మామ వాకిట్లో నిలబడ్డారు. బండి ముందు బావి ఉంది, వెనకకు తీసి తిప్పుకోవాలి.

"అమ్మా, ఎనుక ఎవరన్న ఉన్నరా?" అని డ్రైవరు మధ్య పరదా అవతల నుంచి అరిచాడు.

పరదా లేపి చూడడం మాకు నిషేధం. అత్త సర్దుకొని కూర్చుంటూ "దేవుడున్నడు, పోనియ్యి" అంది.

హారన్ మోగింది. అందరూ జరిగారు. జరగంది ఒక్కటే, కొట్టంలోని పాత ఇంగ్లీషు కారు. దానికి హారన్ అర్థం కాలేదో, కొత్తదాని మీద కోపమో. కొత్త బండి వెనకకు పోయి దాన్ని ధడాలున గుద్దింది. కోళ్లన్నీ ఒక్కసారి ఎగిరాయి. ఏదో పగిలింది. అత్త వెనకకు పడి ముందుకు తూలింది, నొసలు ముందు సీటుకు కొట్టుకొని బొప్పి కట్టింది.

తరవాత జరిగింది నేను నా జన్మలో మరవను. మా అత్త తలుపు తోసుకొని దిగింది. పట్టపగలు, పాలేర్ల ముందు, నెత్తి మీద కొంగు జారిపోయి, ఆ కొంగుకు ఒక కోడి ఈక అంటుకొని.

"మొత్తుకున్నడు గదా వాడు, కనవడదని! పరదా నా మానానికా, నా పానానికా?"

మామ నోరు తెరిచారు. "పది మంది..."

"పది మంది సూడనీ. నా నెత్తి పలిగినంక సూడవోయేది గూడ గా పది మందే."

వెనక అద్దం పరదాను ఒక్క గుంజుడు గుంజింది. దర్జీ మంచి కుట్టు వేశాడు, అయినా ఊడింది. మామ కాసేపు ఆలోచించి, ఇంటిపెద్దగా తీర్పు చెప్పారు: "సరే, ఎనుకదొక్కటే. కడమయి ఉండాలె." వెనకది అప్పటికే అత్త చేతిలో ఉంది.

పగిలిన ఎర్రదీపంతోనే బయలుదేరాం. జగిత్యాల దాటాం, మెట్‌పల్లి దాటాం. నేను మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. దారి మా నుంచి పారిపోతున్నట్టుంది. చెట్లు ముందు పెద్దగా కనబడి, తరవాత చిన్నవైపోతున్నాయి. ఊళ్లు మేం పోయాకనే మాకు కనిపిస్తున్నాయి. అత్త బొప్పి మీద తడిగుడ్డ పెట్టుకొని కండ్లు మూసుకొని ఉంది.

చక్రాల చప్పుడు మారింది.

నేను సీటు మీద మోకాళ్లేసి పూర్తిగా వెనకకు తిరిగాను. ముందు వంతెన గోడలు, తరవాత వాటికి అటూ ఇటూ ఇసుక. ఇసుక, ఇసుక, మళ్లీ ఇసుక. ఎక్కడో ఒక పాయ ఎండకు మెరుస్తోంది. దాంట్లో నాలుగు బర్రెలు. పన్నెండేండ్లు మొక్కిన గోదావరి. ఆకుపచ్చగా ఏం లేదు. నాకెందుకో కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందే, ఏం కనవడ్తున్నది?" అంది అత్త.

"గోదారి, అత్తా."

అత్త గుడ్డ పక్కన పెట్టి, ఉస్సురంటూ తనూ తిరిగింది. ఆమె కాపురానికి వచ్చి ముప్పై ఏండ్లు దాటింది. ఇద్దరం పొల్లగాండ్ల లాగ మోకాళ్ల మీద నిలబడి చూస్తున్నాం. అంతలో వంతెన అయిపోయింది. నది చిన్నదైపోతోంది. పైస నా గుప్పిట్లోనే ఉంది.

"ఆపుర్రా బండి!" అని అరిచింది అత్త. బండి ఆగింది. "జర ఎనుకకు తియ్యి. వంతెన నడిమికి."

మా ఆయన మధ్య పరదాలోంచి తల పెట్టాడు. "అవ్వా, ఎనుకకెందుకు? బాపుకు తెలిస్తె..."

"మీ బాపు ముందుకు సూసి నడుపుమన్నడు. మాకు గిప్పుడు ఎనుకనే పని ఉన్నది."

అని అత్త మధ్య పరదాను కూడా పక్కకు లాగింది. డ్రైవరు అద్దం సరిచేసుకున్నాడు. అందులో మొదటిసారి గుడ్డ కాకుండా దారి కనబడింది. "ఫికర్ లేదు దొరసానీ, ఒక్క పత్తి బండే అస్తున్నది" అన్నాడు, ఎంత గర్వంగానో. కారు వెనకకు వెనకకు పోయి వంతెన నడుమ ఆగింది. పత్తి బండివాడు ఎడ్లను ఆపి తిట్టడం మొదలుపెట్టాడు. వాడికి మరాఠీ కూడా బాగా వచ్చు, రెండు భాషల్లోనూ తిట్టాడు.

అత్త తన పక్క పరదా ఎత్తి, చెయ్యి బయటకు చాచి పైస విసిరింది. గోడ దాటి కింద పడింది. ఆమె రెండు చేతులూ జోడించి ఏదో గొణుక్కుంది.

నేను కూడా పరదా ఎత్తాను. పన్నెండేండ్ల నుంచి దాచుకున్న విసురు కదా, బలం కొద్దీ విసిరాను. పైస వంతెన గోడకు ఠంగున తగిలి, వెనకకు ఎగిరి, పత్తి బండి ఎడ్ల కాళ్ల దగ్గర పడింది. బండివాడు తిట్లు ఆపి, దిగి, దాన్ని తీసి కండ్లకద్దుకొని, తనే నదిలో వేశాడు.

"మల్ల నీ పైస మంది చేతులనే పడె" అని అత్త బొప్పి పట్టుకొని నవ్వింది. తన కొంగు ముడి విప్పి ఇంకొక పైస తీసింది. "ఇంద. గీసారి నిమ్మళంగ."