కెజయాకు రాని టోకెన్

న్యూఫౌండ్లాండ్ తీరంలో, గానెట్ కోవ్ అనే ఊళ్ళో, సముద్రం మనిషిని మింగిన ప్రతి ఇంటికీ ఒక టోకెన్ ఉండేది. టోకెన్ అంటే అక్కడ బిళ్ళ కాదు. పడవ మునిగిన ఘడియలోనే ఆ మనిషి ఇంట్లోవాళ్ళకు కనబడి మాయమవడం. ఒకరికి గుమ్మంలో తడి బూట్ల చప్పుడు, ఒకరికి కిటికీ అద్దంలో ముఖం. శవం దొరక్కపోయినా, టోకెన్ వస్తే ఆడవాళ్ళు నల్లబట్టలు వేసుకునేవారు.

కెజయా భర్త అజరయా ఆగస్టులో చేపలవేటకు వెళ్ళి నడిసముద్రంలో పొగమంచుకు చిక్కి తిరిగి రాలేదు. మూడోనాడు ఆడబిడ్డ వర్చూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

“వదినా, అన్నయ్య కనబడ్డాడా నీకు?”

కనబడలేదు. అతను వెళ్ళిన రోజు మధ్యాహ్నమంతా కెజయా ఉప్పుచేపలు తిరగేసి ఎండబెట్టుకుంటూనే ఉంది. ఆకు కూడా కదల్లేదు. కానీ కట్టుకున్నదానికే కనబడకుండా పోయాడంటే ఊరు ఏమనుకుంటుంది? పైగా ఆ ఉదయం ఇద్దరూ మాటామాటా అనుకున్నారు.

“కనబడ్డాడు. తలుపు దగ్గర, టోపీ చేత్తో పట్టుకుని,” అంది.

వర్చూ భోరున ఏడ్చి, కుదుటపడింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆ కథ ఆమెదే. పెళ్ళిళ్ళలో, చర్చి మెట్ల మీద చెప్పేది. టోపీ నుంచి కారే నీళ్ళు చేర్చింది, చిన్న నవ్వు చేర్చింది. కెజయా తల వంచుకుని వినేది. టోకెన్ రాని ఆడవాళ్ళు, మనిషి బతికే ఉన్నాడేమోనని, ఒడ్డుకు వెళ్ళి బాహాటంగా ఎదురుచూసేవారు. మొగుడు పోయాడని తన నోటితోనే చెప్పిన కెజయాకు ఆ వీలు లేదు. కిటికీ తెర పక్కకు జరిపి, దొంగలా ప్రతి తెరచాపా చూసుకునేది.

ఒక వేసవిలో పట్నం నుంచి ఒక కాలేజీ పంతులు వచ్చాడు. తీరం మాటలన్నీ పోగుచేసి నిఘంటువు కడుతున్నారట. వర్చూయే ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది.

“టోకెన్ గురించి మా వదిన చెప్పాలండీ. ఎవరు చెప్పినా అంత బాగుండదు.”

ఆయన టేపురికార్డరు పెట్టి మీట నొక్కాడు. “ఆ మాట మీరెలా వాడతారో ఒక్క వాక్యం చెప్పండమ్మా.”

తిరిగే టేపు చక్రాలను కెజయా చూసింది.

“నాకు టోకెన్ రాలేదు,” అంది.

పంతులు రాసుకున్నాడు. వర్చూ నవ్వింది. “వేళాకోళమా వదినా?”

“కాదు వర్చూ. మీ అన్నయ్య రాలేదు. నేనే అబద్ధమాడాను.”

వర్చూ విప్పిపెట్టిన శాలువా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. పదకొండు రోజులు గడప తొక్కలేదు. వాగు దగ్గర ఆడవాళ్ళు కెజయాకు చోటిచ్చారు, పలకరించలేదు.

పన్నెండోనాడు వర్చూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

“మరి ఆ రోజంతా ఒక్కదానివే ఉన్నావా?”

“ఒక్కదాన్నే.”

“ఎన్నాళ్ళు ఎదురుచూశావు?”

“ఇంకా మానలేదమ్మా.”

వర్చూ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. “నాకు అన్నయ్య మిగిలింది ఆ కథలోనే వదినా. అదీ తీసేశావు.”

కెజయా టీ పోసింది. వర్చూ సగం తాగి లేచింది. తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. గాలి గురించీ, బంగాళాదుంపల గురించీ మాట్లాడేది. అజరయా పేరు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.