నాయనకు లేదన్న పని

చేనులో గడ్డిపోచ కనబడితే మా నాయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు. కలుపు గీకే దోకుడుపార ఆయన చేతిలో పడిందంటే, ఆ నేల మీద పంచె పరుచుకుని పడుకోవచ్చు. హాలహర్వి వైపు పత్తి వేసేవాళ్లు దారిన పోతూ మా గట్టు మీద ఆగి మరీ చూసేవాళ్లు. అది చాలు ఆయనకు. పత్తి ధర పడిపోయిన ఏడు కూడా చేను చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ పత్తి తీసేసి పామాయిల్ మొక్కలు పెట్టించింది నేను. కాపురం చెడి పుట్టింటికి వచ్చినదాన్ని, సేద్యమైనా గెలవాలని మొండిపట్టు. చెట్లు కాపుకొచ్చాయి గానీ గెలలు బక్కచిక్కి ఉండేవి. తోటలు చూసే ఆఫీసరు వచ్చి, నరికిన మట్టలు బయట పారేయకుండా చెట్ల వరుసల మధ్య పరవమన్నాడు. కుళ్లి ఎరువవుతాయట, నేలలో తేమ ఆరదట. ఇంకా ఏవో చెప్పాడు. నేను మట్టల మాట పట్టుకున్నాను. చెత్త పెంచుకునేది ఏం సేద్యమని నాయన గొణిగాడు.

ఒకరోజు డ్రిప్పు సామాన్ల కోసం ఎమ్మిగనూరు పోయి వచ్చేసరికి తోటలో పొగ. పరిచిన మట్టలన్నీ నాయన ఒకచోటికి లాగి కాల్చేశాడు. అప్పటికే వేసిన డ్రిప్పు పైపులు కరిగిపోయాయి, రెండు చెట్లు సగం మాడాయి. ఆయన మాత్రం చెమట తుడుచుకుంటూ, "ఇప్పుడు సూడు మ్మే, సేనంటే ఇట్లుండల్ల" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఏనాడూ మంచిది కాదు. కూలికొచ్చిన ఆడవాళ్ల ముందే, ఇంకోసారి నా తోటలో చెయ్యి పెట్టొద్దని అరిచాను. ఆయన ఇంటికి పోయి దోకుడుపార కడిగి చూరులో పెట్టాడు.

పదిహేను రోజులు గడిచాక, నేను అన్నం తింటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆడ నేను సేసే పనేమన్నా ఉందా మ్మే?"

"ఏం లేదు నాయనా. ఇంటికాడే ఉండు."

తల కూడా ఎత్తలేదు నేను. కోపం అప్పటికే పోయింది, పంతం పోలేదు. ఆ ఎండాకాలమే జ్వరమొచ్చి, ఆదోని ఆసుపత్రిలో నాలుగు రోజులుండి అక్కడే కన్నుమూశాడు.

ఈ ఏడు గెలలు నిండుగా దిగాయి. ఆఫీసరు మళ్లీ వచ్చి, మట్టలు పరిచిన తీరు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఒక చెట్టు కింద కూర్చుని గడ్డి పక్కకు తీశాడు. గెల నుంచి రాలిన పండ్లు ఎర్రగా, సగం కుళ్లి ఉన్నాయి. బాగా పండి రాలినవాటిలోనే నూనె ఎక్కువ, ఏరడానికి కనబడక ఇట్లా పోతున్నాయన్నాడు. వరుసల మధ్య ఎంత చెత్త ఉన్నా మంచిదే గానీ, మొదలు చుట్టూ పాదులో మాత్రం గడ్డిపోచ ఉండకూడదన్నాడు.

"మొదటిసారే చెప్పాను కదమ్మా. అంత శుభ్రంగా గీకేవాళ్లు మీ ఊర్లో ఎవరూ లేరా?"

వంగి ఆ కుళ్లిన పండు ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ఉండె సార్," అన్నాను. "పని లేదని నేనే సెప్పినాను."