ఎర్రోడి ఐదో సినిమా

రాత్రి షిఫ్టు చేసినవాడి ఇంట్లో పగలే అర్ధరాత్రి. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో పుట్టిన పిల్లలు నడక కంటే ముందు నేర్చుకునే విద్య చప్పుడు చెయ్యకుండా ఉండటం. లింగమూర్తి బిడ్డ సంధ్యారాణి అందులో ఆరితేరింది. తండ్రి మొహాన తువ్వాల కప్పుకొని పడుకుంటే, అదే గదిలో టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి, పక్కింటి మహెజబీన్‌తో కలిసి బొమ్మల సినిమాలు చూసేది.

వాటిలో మంటలు కక్కే గుర్రం సినిమా ఒకటి ఉండేది, నాలుగు భాగాలు. మాటలు వినపడవు కాబట్టి కథంతా సంధ్యదే. గుర్రానికి ఎర్రోడని పేరు పెట్టింది. గడ్డం మాంత్రికుడికి ఓవర్‌మెన్ అని పెట్టింది, ఎందుకంటే తండ్రి ఇంటికొచ్చి తిట్టుకునేది గనిలో తన పైవాడైన ఓవర్‌మెన్‌నే. అందరి మాటలూ తనే గుసగుసగా చెప్పేది. చూసిన ప్రతిసారీ ఇద్దరికీ తగువే. రెండోది ఫస్టని సంధ్య, కాదు నాలుగోదని మహెజబీన్. ఆ తగువు కూడా గుసగుసల్లోనే, గిల్లుకుంటూ.

ఇప్పుడు సంధ్య డిగ్రీ చదువుతోంది. లింగమూర్తి కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానలో కళ్ళు మూసుకొని పడి ఉన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ కూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆపరేషనైతే చేశారు గానీ మనిషికి తెలివి రాలేదు. "తెలిసిన మాటలు వినిపిస్తూ ఉండండి. రోజులు గడిచేకొద్దీ కష్టమవుతుంది" అన్నాడు డాక్టరు.

తెలిసిన మాటలంటే ఏం మాటలు? ఎంత గింజుకున్నా ఆ పిల్లకు తండ్రితో మాట్లాడినవేవీ గుర్తుకు రావు. తిన్నవా, పండుకో, ఫీజు కట్టాలె, అంతే. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళుండి ఇదేం బతుకని తన మీద తనకే రోత పుట్టింది. చివరికి మునిగేవాడికి గడ్డిపోచలాగా ఆ గుర్రం సినిమాలు తోచాయి. ఆయన పడుకున్న గదిలోనే అవి ఎన్నిసార్లు ఆడాయో కదా. నాలుగూ ఫోన్లోకి ఎక్కించుకొని, చెవి దగ్గర పెట్టి, గొంతుతో ఆడించింది. తండ్రి వాటి గొంతు ఒక్కనాడూ వినలేదన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టనే లేదు.

పాడు సినిమాలు, వింటే అన్నీ వేరే కథలు. ఓవర్‌మెన్ మాంత్రికుడు దుర్మార్గుడు కాదట, గుర్రమెక్కే పిల్లకు సొంత తాతట. ఫస్టు ర్యాంకిచ్చి నెత్తిన పెట్టుకున్న రెండోదే అన్నిటికంటే చప్పగా ఉంది. నాలుగూ అయిపోయాయి. లింగమూర్తి రెప్ప కూడా కదల్లేదు. తల్లి రాజకుమారి గోడకు తల ఆనించి "ఇది దింపుడుకళ్లం ఆశ బిడ్డా" అంది. పాడె దించి చెవిలో పేరు పిలుస్తారే, ఆ ఆశ. సంధ్య తల్లి మీదికి లేచింది. "ఉన్న మనిషిని పట్టుకొని ఏం మాటలే అమ్మా" అని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే లింగమూర్తితో ఒకే షిఫ్టులో పనిచేసే బిక్షం చూడటానికి వచ్చాడు. చెవి దగ్గర ఫోనేందని అడిగాడు. గుర్రం సినిమా అని చెప్పింది సంధ్య.

"ఎర్రోడిదా?" అన్నాడు బిక్షం.

సంధ్య బిత్తరపోయింది. ఆ పేరు మహెజబీన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"మీ బాపు పండుకునేటోడనుకున్నవా? తువ్వాల కింద మేలుకొనే ఉండేటోడట. లేస్తే నువ్వు కథ చెప్పుడు ఆపేస్తవని కదలకపోతుండె. నువ్వు చెప్పినయన్ని బొగ్గుబాయిల సద్ది తినేటప్పుడు మాకు చెప్తుండె. మా ఓవర్‌మెన్ సారు సుత కూసొని ఇంటుండె, మాంత్రికుడు తనే అని తెల్వక."

ఏడుస్తూనే నవ్వొచ్చింది ఆ పిల్లకు. "మీకు ఏది ఫస్టు కాకా?"

"ఐదోదే బిడ్డా. అందరం అదే అంటం."

"నాలుగే ఉన్నయ్ కదా."

"మరి మొన్నటిదాక మీ బాపు ఐదోది చెప్పవట్టె." బిక్షం కాసేపు లింగమూర్తి మొహం వంక చూశాడు. "గుర్రమెక్కే పిల్ల పెద్దగై చదువుకు పోతది. ఎర్రోడు ముసలోడైతడు, నోట్ల నిప్పు ఆరిపోతది. పిల్ల వచ్చేసరికి మళ్ళ నిప్పు తెచ్చుకోవాలెనని భూమి లోపలికి దిగుతడు. దిగంగ దిగంగ వెనుక తొవ్వ మూసుకపోతది."

"తర్వాత?"

"రేపు చెప్త అన్నడు. గదే ఆఖరి డ్యూటీ."

సంధ్య ఫోను సంచిలో పడేసింది. తండ్రి చెవిలో నోరు పెట్టి, చిన్నప్పటి గుసగుసతో, ఆయన కథ ఆయనకే మొదలుపెట్టింది. తొవ్వ మూసుకుపోయే కాడికి వచ్చి ఆగింది. "తర్వాత ఏమైంది బాపూ? చెప్పు." మళ్ళీ మొదటినుంచి చెప్పింది, మళ్ళీ అక్కడే ఆగింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. పొద్దుటినుంచీ అక్కడే ఉన్న బిక్షం చూడలేక దగ్గరికొచ్చాడు.

"నువ్వే ఏదో ఒకటి చెప్పి ఎర్రోన్ని బయటికి తీస్కరా బిడ్డా. కథలు అల్లేది నీకు కొత్తనా?"

సంధ్య తల అడ్డంగా ఊపింది. "నేను చెప్తే అయిపోతది కాకా. ఇగ బాపు దేనికి లేస్తడు?"