ఒక్కపొద్దు పూరీలు

ఒక్క సిరంజి నెత్తురుతో ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి. చివరిదాకా నవ్వగలరో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

తొంభైల చివర్లో బర్గూరు దగ్గర కాలేజీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అనడం మర్యాద కోసం, నిజానికి తినేవాణ్ణి. బస్టాండు పక్క హోటల్లో పూరీలు, సాయంత్రం బజ్జీలు, ఆ పైన సామల్పట్టి దగ్గరి మా ఊరి నుంచి అవ్వ పంపే నెయ్యి డబ్బా. మా నాన్నను కన్న ఆ అవ్వకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక సుఖం, వేడి రాగిముద్ద మీద గరిటెడు నెయ్యి.

ఒక శనివారం కాలేజీలో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా రమ్మని ముందురోజే చెప్పారు. అదొక లెక్కా నాకు? మా ఇంట్లో ప్రతి శనివారం ఒక్కపొద్దే. అన్నం ముట్టకూడదు, అంతే. పూరీలు, వడలు ఎన్ని లాగించినా వెంకటరమణస్వామి ఏమీ అనుకోడు. ఆ ఉదయం కూడా నిష్ఠగా ఎనిమిది పూరీలు, మూడు వడలు తిని, పోయి చెయ్యి చాచాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఏమీ తినలేదు కదా?"

"లేదు మేడమ్. గట్టి ఒక్కపొద్దు."

"నెత్తురులో ఇంత కొవ్వుందేమప్పా! మీ ఇంట్లో గుండెజబ్బుతో ఎవరన్నా పోయినారా?"

పోయాడు. అవ్వ పెద్దకొడుకు, మా పెదనాన్న, నలభై దాటకుండానే బావి దగ్గర మోటరు వేయబోయి కూలిపోయాడు. సాయంత్రం బస్సుకే ఊరు చేరి, కాగితం చూపించి భోరుమన్నాను.

అవ్వ నాకంటే గట్టిగా ఏడ్చింది. "నా చేతి నెయ్యే చేసిందిరా ఇదంతా! మీ పెదనాయనకూ నేనే పోసినాను, నీకూ నేనే పోసినాను." వెంటనే దేవుడి పటం ముందు నిలబడి, "వీని నెత్తురు బాగయ్యేదాకా నెయ్యి ముట్టను సామీ" అని మొక్కుకుంది.

సోమవారం కృష్ణగిరిలో మళ్లీ పరీక్షకు పోయాను. రక్తం తీసే ఆయన నా కథంతా విన్నాడు.

"ఆ పొద్దు నిజంగా ఏమీ తినలేదా?"

"మెతుకు ముట్టలేదన్నా. పూరీలు తిన్నానంతే."

"ఎన్ని?"

చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టి నవ్వాడు. అది చాలక పక్కగది వాళ్లను పిలిచి మరీ నవ్వాడు. ఆ పొద్దు కూడా తినే వచ్చానని తెలిసి, మర్నాడు రమ్మన్నాడు. ఖాళీ కడుపుతో పోతే, కొవ్వు ఉండాల్సినంతే ఉంది.

ఇంటికి పోయి ఆ మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. డిగ్రీ చదివేవాడు పూరీలు తిని రక్తమిచ్చాడని ఊరంతా నవ్వుతుందని సిగ్గు. పైగా, మీ దగ్గర దాచడమెందుకు, జబ్బుమనిషి హోదా బాగుంది. సెలవుల్లో కలుపు తీయమనేవాళ్లు లేరు.

"ఎట్లుందిరా నెత్తురు?" అని అవ్వ అడిగేది.

"తగ్గతా ఉందవ్వా."

దీపావళికి చెబుదామనుకున్నాను, తర్వాత పరీక్షలయ్యాక అనుకున్నాను. అవ్వ నా ఎదురుగానే కూర్చుని నెయ్యి లేని ముద్దను నీళ్లతో మింగేది. ఏడాది గడిచింది. ఆమె మంచాన పడింది. అప్పుడు నోరు పెగిలింది నాకు.

"అవ్వా, నాకే జబ్బూ లేదు. ఆ పొద్దు పూరీలు తినిపోయినాను. అందుకే అట్ల చూపించింది."

అవ్వ దిండు మీంచి తల ఎత్తింది.

"యాడ తింటివి?"

"బస్టాండు కాడ."

"నూనె పూరీలా?"

"ఊఁ."

"నూనె పూరీలు తినేసి నా నెయ్యి మీద యేస్తివేమిరా దొంగనాకొడకా! పెద్దోణ్ణి నేనే చంపుకొంటినని ఏడాదంతా ఏడిస్తినే!"

అని నవ్వింది. మేమూ నవ్వాము. అమ్మ పరుగున పోయి నెయ్యి కరగబెట్టి, చెంచాతో నోట్లో పోసింది. అవ్వ మింగలేకపోయింది. నెయ్యి పెదవి పక్కగా దిండు మీదికి కారింది. మర్నాడు ఆమె పోయింది.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు "ఏమన్నా తిన్నావా" అని అడిగినా, పళ్లు తోముకుంటూ మింగిన పేస్టుతో సహా ఒప్పుకుంటాను. ఇంట్లో కూడా ఆ రోజే చెబుతాను.