సంఘమంతా పాడిన తంతి పాట

కబురు కాలినడకన, ఎడ్లబండి మీద, తీగ మీద ప్రయాణం చేసిన కాలం ఒకటుండేది. ఆ కాలంలో, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ తంతి ఆఫీసులో తీగ మీద కబురు పంపే కుర్రాణ్ణి నేను. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ భాషలో కొత్తది వచ్చిందని, పాత అలవాటు వదలడం లేదని తలలు పట్టుకుంటుంటే నాకు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. మా భాషలో ఉన్నవి రెండే చప్పుళ్లు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు (నోటితో చెప్పుకునేటప్పుడు గట్, గర్ అనుకునేవాళ్లం). ఏ ఇంగ్లీషు అక్షరానికి ఎన్ని గట్‌లు, ఎన్ని గర్‌లు అన్నది చేతికి ఎక్కేసరికి నా ప్రాణం మీదికి వచ్చింది. హమ్మయ్య అని దేవునికి స్తోత్రం చెప్పుకున్నానో లేదో, ఇకమీదట హిందీలోనూ తంతులు పంపాలని పైనుంచి హుకుం దిగింది. చప్పుళ్లు అవే, అక్షరాలు వేరు.

మా ఆఫీసులో పెద్ద మనిషి చాచా. సిరొంచలో తాతల నాటి నుంచి ఉన్న ముస్లిం కుటుంబం ఆయనది. పేపరు చూడకుండా, టీ తాగుతూ, పక్కవాడితో కబుర్లాడుతూనే వచ్చే తంతిని రాసేసేవాడు. ఆయన హిందీ అక్షరాల కొత్త పట్టీని అటు తిప్పి ఇటు తిప్పి, "చెవులు పాతవే, చప్పుడు పాతదే. మతలబు మాత్రం కొత్తదంట. గిదెట్ల బేటా? రేపొద్దున మా ఇంటామెను వేరే పేరుతోని పిలువుమంటే పిలుస్తనా?" అన్నాడు. ఆయన పింఛనుకు దగ్గరపడ్డ మనిషి, పరీక్ష లేదు. నాకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడని, నెగ్గితేనే పర్మినెంటని రాశారు. అహేరిలో మా క్రైస్తవ సంఘానికే చెందిన ఒక మేష్టారు, పర్మినెంటు కాగితం చూశాకే తన కూతుర్ని ఇస్తానని మా నాన్నతో తెగేసి చెప్పి ఉన్నాడు (ఆ కూతుర్ని నేను ఒక క్రిస్మసు కూడికలో చూశాను. అది చాలు, ఇక వివరాలెందుకు).

ఎంత చదివినా కొత్తది తలకెక్కలేదు. హిందీ అక్షరం అనుకుని మీట నొక్కితే, వేళ్లు తమంతట తాము ఇంగ్లీషు కొట్టేవి. ఉపవాసముండి ప్రార్థన చేశాను. ఆ ప్రార్థనలోనే ఉపాయం తట్టింది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తేది నేనే. ఎంత పొడుగు కీర్తనైనా ఒకసారి రాగంలో పడితే నాకు మరుపు రాదు. అక్షరాలన్నింటినీ వరుసగా ఒక కీర్తన రాగంలో కూర్చేశాను. పాపమేమోనని పాస్టరు అయ్యగారిని అడిగితే ఆయన, "సర్కారు పని గూడ దేవుడిచ్చిందే గదరా. పాడుకో. గని ఆదివారం మాత్రం అసలు మాటలే పాడు" అన్నారు. ఇంకేముంది, ప్రాణహితలో స్నానం చేస్తూ అదే పాట, సైకిలు తొక్కుతూ అదే పాట.

ఇన్‌స్పెక్టరు శనివారం అల్లపల్లి బస్సులో దిగి, మా చర్చి పక్కనున్న బంగళాలో మకాం పెట్టాడు. పరీక్ష సోమవారం. మధ్యలో ఆదివారం వచ్చింది.

మా సంఘంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. నేను ఒక చరణం ఎత్తితే, అందరూ అదే చరణాన్ని నా వెనక పాడేవాళ్లు. మరాఠీ పాటైనా, హిందీ పాటైనా, అర్థం తర్వాత చూసుకోవచ్చని నమ్మకంగా అందుకునేవాళ్లు. ఆ రోజు అయ్యగారు కీర్తన పేరు చెప్పారు. దురదృష్టం, అదే రాగం. నేను భక్తిగా కళ్లు మూసుకుని ఎత్తాను. "క అంటే గర్ గట్ గర్..."

సంఘమంతా అందుకుంది. డోలక్ కూడా అందుకుంది. రెండో చరణంలో నాకు తెలివొచ్చింది కానీ ఆపే ధైర్యం రాలేదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. చెమటలు కక్కుతూ చివరి అక్షరం దాకా లాక్కొచ్చాను. "ఆమేన్" అని అందరూ ముగించారు. బయట ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని, "కొత్త పాట మస్తుగున్నది బిడ్డా, తాళం మంచిగ కుదిరింది. ఏ భాషది?" అంది. "సర్కారుది అవ్వా" అన్నాను. అయ్యగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏందిరా, దేవునికి గూడ తార్ కొడుతున్నవా?" అన్నారు. తిట్టబోయి నవ్వు ఆపుకున్నారని ఇప్పటికీ నా నమ్మకం.

సోమవారం ఇన్‌స్పెక్టరు ఒక హిందీ తంతి నా ముందు పెట్టాడు. నా పాటలో ఒక చిక్కుంది. నడుమ నుంచి ఎత్తడం రాదు. 'స' కావాలంటే 'క' దగ్గర మొదలుపెట్టి రావాలి. నేను లోలోపల పాడుకోవడం, ఒక అక్షరం కొట్టడం, మళ్లీ మొదటి నుంచి పాడుకోవడం. ఇన్‌స్పెక్టరు రెండు బీడీలు కాల్చాడు. చాచా గోడ వైపు తిరిగి దగ్గుతున్నాడు. నాకు అహేరి మేష్టారి ముఖం కనబడుతోంది.

"నిన్న చర్చిలో పాడింది నువ్వేనా?" అని హిందీలో అడిగాడు ఇన్‌స్పెక్టరు.

అయిపోయిందనుకున్నాను. "మాఫ్ చెయ్యండి సాబ్" అన్నాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, మోకాలి మీద పేపరు కింద దాచుకున్న పట్టీని తీసి బల్ల మీద పెట్టాడు. నాది చూసి చూసి నలిగిన పట్టీ అయితే, ఆయనది నాదానికంటే ఎక్కువ నలిగి ఉంది. "నాకు వచ్చే నెల నాగపూరులో పరీక్ష" అన్నాడు మెల్లగా. "ఆ పాట ఇంకోసారి పాడు. జర నిదానంగా."

నేను ఎత్తాను. ఆయన నా వెనక అందుకున్నాడు, అచ్చం మా సంఘం లాగే. చాచా బల్ల మీద తాళం వేశాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు కాబట్టి నెగ్గించానని, వేగం తర్వాత దానంతట అదే వస్తుందని చెప్పి సంతకం చేసి, మధ్యాహ్నం బస్సులో పాడుకుంటూ వెళ్లిపోయాడు.

వేగం రాలేదు. హిందీలో తంతి ఇచ్చేవాళ్లు అసలే రాలేదు. మేష్టారి కూతురు మాత్రం వచ్చింది. తంతి పోయి ఎన్నో ఏళ్లయినా, మా ఆవిడ ఆ పాటతోనే మునిమనవరాలిని నిద్రపుచ్చుతోంది. 'ల' దగ్గర ఆమె ఎప్పుడూ ఒక గట్ మింగేస్తుంది. దిద్దుదామని నోరు తెరుస్తాను. పాప కళ్లు మూతలు పడుతుంటాయి. ఊరుకుని, ఆ తగ్గిన గట్‌ను నేను మంచం పట్టె మీద వేలితో మెల్లగా కొడతాను.