ప్రభుత్వానికి అప్పిచ్చిన షావుకారు గారు

పాలకొల్లు షావుకారు గారు పోయారని మొన్న పొద్దున పాలవాడు చెప్పాడు. గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు మాటలు తక్కువ, రాయడం ఇంకా తక్కువ. అయినా ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి కదండీ.

నేను కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేశాను. తలుపులు ఎత్తడం, దించడం, పడవలు దాటించడం నా పని. ఆయనది వడ్డీ వ్యాపారం. రిటైరైన మేష్టర్లు ఆయన దగ్గర డబ్బు దాచుకునేవారు. దాన్నే ఆయన అప్పులకు తిప్పేవారు. వడ్డీలో పైసా వదిలేవారు కాదు. ఒక పట్టింపు కూడా ఉండేది. అప్పుకి వచ్చినవాడు భార్యను వెంటబెట్టుకుని రావాలి. "తీర్చలేకపోతే ఏడ్చేది ఆవిడ. ఆవిడా వినాలి" అనేవారు.

తొంభైల్లో ఓ వేసవి. లాకుల తలుపులు తుప్పు తినేసి ఊడిపోయేలా ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవని ట్రెజరీలో బిల్లులన్నీ ఆపేశారు. నా జీతమూ ఆగింది. పాత బాకీలు రాక కాంట్రాక్టరు పని వదిలేశాడు. కాలువకి నీళ్ళు వదిలేలోగా కొత్త తలుపులు బిగించకపోతే కాలువ చివరనున్న శివారు పొలాలకు నీరెక్కదు. ఇంజనీరు గారు నన్ను వెంటబెట్టుకుని షావుకారు గారింటికి వెళ్ళారు.

"మీరు పెట్టుబడి పెట్టండి. బిల్లు రాగానే మీ చేతికే ఇప్పిస్తాను."

"అప్పు ఎవరికండీ?"

"ప్రభుత్వానికే అనుకోండి."

"అయితే వాళ్ళావిణ్ణి తీసుకురండి."

ఇంజనీరు గారు నవ్వారు. షావుకారు గారు నవ్వలేదు. "ఈ పని జరక్కపోతే ఏడ్చేదెవరండీ? వాళ్ళని రమ్మనండి."

మర్నాడు శివారు ఆడవాళ్ళు ట్రాక్టరెక్కి వచ్చి ఆయన అరుగు మీద కూర్చున్నారు. "మమ్మల్నెప్పుడు ప్రభుత్వానికిచ్చి పెళ్ళి చేశారండీ షావుకారు గారూ?" అంది ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు. అప్పుడు ఆయనా నవ్వారు.

"నేనిచ్చేది మేష్టర్ల డబ్బమ్మా. తిరిగి రాకపోతే ఏం చేస్తానో నాకే తెలీదు. విన్నారు కదా" అని, డబ్బిచ్చారు.

ఆ ఏడు శివారు దాకా నీళ్ళు పారాయి. బిల్లు మాత్రం రాలేదు. ఇంజనీరు గారు బదిలీ అయిపోయారు. కొత్తాయన "పైనుంచి రావాలండీ" అనేవారు. సంగతి పొక్కి మేష్టర్లు ఒక్కొక్కరే వచ్చి తమ డబ్బు అడగసాగారు. షావుకారు గారు ఎవర్నీ తన చుట్టూ తిప్పుకోలేదు. మొగల్తూరు దగ్గరి తన కొబ్బరితోట అమ్మి అందరికీ వడ్డీతో ఇచ్చేశారు. ఆ తర్వాతెప్పుడో బిల్లు పాసయింది. వడ్డీ లేదు, అసలొక్కటే. అప్పటికి తోట ఎవరిదో అయిపోయింది.

"ప్రభుత్వం మీద కోపం రాలేదాండీ?" అని ఒక్కసారి అడిగాను.

"ఎవరి మొహం చూసి కోప్పడనోయ్? వాళ్ళకి నాలాంటివాళ్ళు వెయ్యిమంది. మేష్టర్లకి నేనొక్కణ్ణే."

ఆయన్ని తలుచుకుంటే నాకు కనిపించేది మాత్రం తోట అమ్మిన ఏడాది. ఓ సాయంత్రం లాకుల మీద నా పక్కన నిలబడి ఉన్నారు. కింద నుంచి కొబ్బరి బొండాల పడవ వచ్చి లాకులో ఆగింది. నేను కింది తలుపు దించి పై తలుపు ఎత్తాను. నీళ్ళు నిండే కొద్దీ పడవ లేచింది. బొండాల గుట్ట ఆయన పాదాల దాకా, మోకాళ్ళ దాకా, చెయ్యి చాపితే అందేంత ఎత్తుకి వచ్చింది. ఆయన చెయ్యి చాపలేదు.

పడవవాడికి ఆయనెవరో తెలీదు. "బొండాం కొట్టమంటారాండీ? మొగల్తూరు తోటవి, తియ్యగా ఉంటాయి" అన్నాడు.

ఆయన జేబులోంచి డబ్బు తీసిచ్చారు. తాగి, "తియ్యగానే ఉన్నాయోయ్" అని నాకూ ఒకటి కొట్టించారు. పడవ పాలకొల్లు వైపు సాగిపోయింది. అది మలుపు తిరిగేదాకా ఆయన కదల్లేదు. ఖాళీ బొండాం చేతిలోనే ఉంది.