తొట్టిలో దీపాలు పెట్టించిన పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయింది. తెల్లవారగానే వాళ్ళబ్బాయి గోడ దగ్గరికొచ్చి, "అమ్మ పోయిందక్కా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. నెలల తరబడి భయపడుతూ ఎదురుచూసిన కబురు వస్తే ముందు ఒంటి అలసట తెలుస్తుంది. ఏడుపు తర్వాతెప్పుడో వస్తుంది.

తూంకుంటలో మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో, నా కాకినాడ యాస విని జనం ఎగాదిగా చూసే రోజుల్లో, "ఏ ఊరైతేంది బిడ్డా, ముందుగాల బువ్వ తిను" అన్న మనిషి ఆవిడ. సొంతూరు అత్వెల్లి. మోకాళ్ళు అరిగిపోయి, బతుకమ్మను సాగనంపడానికి చెరువుదాకా నడవలేక, ఒక ఏడు తన ముంగిట్లోని ఫౌంటెన్ తొట్టిలోనే వదులుతానంది. వీధి ఆడవాళ్ళందరినీ పిలిచింది. అయితే ఆ రోజుల్లో సరిగ్గా పొద్దుగూకే వేళకే కరెంటు పోయేది. చీకట్లో అంచు కనబడక ఎవరైనా తొట్టిలో పడతారని ఆవిడ భయం. నీళ్ళలోనే దీపాలు పెడదామని నోరు జారాను. ఇక వదుల్తుందా!

ఇద్దరం కూర్చుని పచ్చడి సీసాల్లో చిన్న ఎల్‌ఈడీ బల్బులు అమర్చాం. మూతలకు బెజ్జాలు పెట్టి, వైర్లు లాగి, నీళ్ళు చొరకుండా సీలు ముద్ద దట్టంగా మెత్తాం. పాత స్కూటర్ బ్యాటరీకి కలిపాం. ఇంటి కరెంటుతో నీళ్ళలో ఆటలాడే ధైర్యం నాకు లేదు. తీరా తొట్టిలో వేస్తే సీసాలన్నీ పైకి తేలి పక్కకు ఒరిగాయి. లోపల గాలి ఉంటుందన్న ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నీళ్ళతోని జబర్దస్తి నడువదు బిడ్డా, బతిమిలాడుకోవాలె" అంటూ సీసాల్లోకి గులకరాళ్ళు పోసింది. మూతలు మళ్ళీ మెత్తేసరికి నా వేళ్ళు అంటుకుపోయాయి.

పండగ సాయంత్రం అనుకున్నట్టే కరెంటు పోయింది. నీళ్ళ అడుగునుంచి వెలుగు లేచి అందరి మొహాల మీద కదిలింది. పెద్దమ్మ బతుకమ్మను వదిలి దండం పెట్టుకుంది. ఇంతలో కరెంటొచ్చి ఫౌంటెన్ మొదలైంది. బతుకమ్మ తొట్టిలో గుండ్రంగా తిరిగి ఆవిడ చేతి దగ్గరికే వచ్చింది. నెట్టింది. మళ్ళీ వచ్చింది. అందరూ నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు.

"పొమ్మన్న తల్లికి తొవ్వ లేకపాయె" అని, దారి దొరకని బతుకమ్మను చూస్తూ చిన్నబుచ్చుకుంది.

మర్నాడు నానిన పూలను నేనే ఎత్తి తీశాను. ఆవిడ బయటికి రాలేదు. ఆ తర్వాత ఏటా ఆటోలో చెరువుకే వెళ్ళాం. దీపాలు మాత్రం తీయనివ్వలేదు. సాయంత్రాలు ఆ వెలుగు పక్కన కూర్చునే నాకు ఈ ఊరు పరిచయం చేసింది.

చివరి జబ్బులో ఆసుపత్రికి, ఇంటికి, మళ్ళీ ఆసుపత్రికి. తోడు వెళ్ళి వెళ్ళి నేనూ అలిసిపోయాను. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది.

"గా తొట్టిల బతుకమ్మ యాదికున్నదా? నన్ను గట్లనే తిప్పుతున్నరు. ఇగ ఇంట్లనే ఉంట. నా కొడుక్కు జెర చెప్పు బిడ్డా."

చెప్పాను. "అమ్మను సంపుకొమ్మంటవా అక్కా?" అని అరిచాడు. కొన్నాళ్ళు నా మొహం చూడలేదు. తర్వాత తనే ఆమె మంచం తెచ్చి తొట్టి ఎదురుగా వరండాలో వేశాడు. నేను చేసింది ధర్మమో కాదో ఇప్పటికీ తెలియదు. ఆవిడ మాత్రం ఆ మంచం మీద కంటినిండా నిద్రపోయింది.

ఇవాళ ఆవిడను తీసుకెళ్ళాక వరండా కడగడానికి వెళ్ళాను. రాత్రి ఎవరు వేశారో, ఎండలో కూడా నీళ్ళ అడుగున దీపాలు పాలిపోయి వెలుగుతున్నాయి. స్విచ్ దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బ్యాటరీలో చార్జి ఉన్నంతసేపు ఉండి, వాటంతట అవే ఆరిపోతాయి.